స్టెప్పర్ డ్రైవర్‌కి ఏ పవర్ సప్లై కొనాలి? మోటర్ స్టిక్కర్ మీద వోల్టేజ్ చూసి మాత్రం కొనకండి

స్టెప్పర్ మోటర్ (ఒక్కో స్టెప్ చొప్పున కొలిచినట్టు తిరిగే మోటర్) మీదేమో 3.3 వోల్ట్స్ అని ఉంది, షాపాయనేమో 36 వోల్ట్స్ సప్లై చేతిలో పెడుతున్నాడు, కాలిపోదా అండీ అని విజయవాడ ఆటోనగర్‌లో సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే మిషన్) కట్టేవాళ్ళ దగ్గర్నుంచి గుంటూరులో కారం ప్యాకింగ్ మిషన్లు చూసేవాళ్ళ దాకా ఇదే డౌటు. కాలదు. కాయిల్ రెసిస్టెన్స్ 1.1 ఓమ్స్, రేటెడ్ కరెంట్ 3 ఆంప్స్, రెండూ గుణిస్తే వచ్చిందే ఆ 3.3, అంతకుమించి దానికి పనేం లేదు. ఇప్పుడు దొరికే డ్రైవర్లు (మోటర్‌కి కరెంట్ పంపే బోర్డులు) దాదాపు అన్నీ చాపర్ టైపు, మీరు డిప్ స్విచ్‌లతో (డ్రైవర్ మీదుండే చిన్న స్విచ్‌లు) సెట్ చేసిన కరెంట్ రాగానే కట్ చేసి మళ్ళీ ఆన్ చేసి, సెకనుకి వేలసార్లు అదే పని. కాబట్టి కరెంట్ సంగతి డ్రైవర్ చూసుకుంటుంది, వోల్టేజ్ మనం చూసుకోవాలి.

ఎక్కువ వోల్టేజ్ ఎందుకంటే, కాయిల్‌కి ఇండక్టెన్స్ ఉంటుంది, కరెంట్‌ని ఒక్కసారిగా ఎక్కనివ్వదు. మెల్లగా తిరిగినంతసేపూ 12 వోల్ట్స్ ఇచ్చినా తేడా తెలీదు, స్పీడ్ పెంచితే ఒక్కో స్టెప్‌కి దొరికే టైమ్ తగ్గి, కరెంట్ పూర్తిగా ఎక్కేలోపే తర్వాతి స్టెప్ వచ్చేసి టార్క్ (తిప్పే బలం) పడిపోద్ది. పౌచ్ మిషన్‌లో ఫిల్మ్ లాగే మోటర్‌నే చూడండి, స్లోలో బానే నడిచి, స్పీడ్ పెంచగానే కట్ మార్క్ దగ్గర పడకుండా కవర్ మీద బొమ్మ మధ్యలో పడుతుంటే, మోటర్ మార్చేముందు సప్లై ఎన్ని వోల్ట్స్ ఉందో మీటర్ పెట్టి చూడండి.

మరి ఎంత దాకా పెంచొచ్చు? సీఎన్‌సీ వాళ్ళు వాడే లెక్క ఒకటుంది, మోటర్ ఇండక్టెన్స్‌ని మిల్లీహెన్రీల్లో తీసుకుని స్క్వేర్ రూట్ చేసి 32తో గుణించాలి. 4 మిల్లీహెన్రీ అయితే 64 వోల్ట్స్. అది దాటితే మోటర్ ఊరికే వేడెక్కుద్ది. 64 వచ్చింది కదా అని 64 కొనక్కర్లేదు, ఈలోపు డ్రైవర్ లిమిట్ అడ్డమొస్తుంది: ఏ4988 డ్రైవర్‌కి 35 వోల్ట్స్, టీఎంసీ2209కి 29, డీఎం542కి 50. ఆ లిమిట్ అంచుదాకా కూడా వెళ్ళకండి, బరువున్న గ్యాంట్రీ (మిషన్ మీద అటూఇటూ కదిలే వంతెన లాంటి భాగం) సడన్‌గా ఆగేటప్పుడు మోటర్ జనరేటర్ లాగా కరెంట్ వెనక్కి తోస్తుంది, సప్లై లైన్‌లో వోల్టేజ్ పైకి లేస్తుంది. డీఎం542కి 48 పెట్టేవాళ్ళున్నారు, నన్నడిగితే మామూలు నీమా 23 సైజు మోటర్‌కి 36 చాలు.

ఆంప్స్ దగ్గర అందరూ అనవసరంగా డబ్బులు పెడతారు. 3 ఆంప్స్ మోటర్లు మూడుంటే 9 ఆంప్స్ కావాలనుకుంటారు, కానీ సప్లై వైపు లాగేది అంతుండదు, మోటర్ రేటింగ్‌లో మూడింట రెండొంతులు లెక్కేస్తే సరిపోద్ది. అంటే 6 ఆంప్స్, 36 వోల్ట్స్ మీద 216 వాట్స్. దీనికి 350 వాట్స్ ఎస్ఎంపీఎస్ (ఏసీని డీసీ చేసే రెడీమేడ్ సప్లై బాక్సు) తీసుకోండి. ఆ మార్జిన్ మన ఎండలకే, చాలా ఎస్ఎంపీఎస్‌లు 50 డిగ్రీలు దాటాక ఫుల్ లోడ్ ఇవ్వవు, మే నెలలో రేకుల షెడ్డు కింద మూసిన ప్యానెల్ బాక్సులో 50 ఎంతసేపు! పైగా కారం మిల్లయితే ఫ్యాన్‌లోకి పొడి పోయి గట్టిపడుద్ది, బాక్సుకి ఫిల్టర్ పెట్టి అప్పుడప్పుడు దులపండి.

ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్ (ఏసీని డీసీ చేసే డయోడ్లు), కెపాసిటర్‌తో కట్టుకున్న సప్లై కూడా స్టెప్పర్లకి బాగుంటుంది, సడన్ లోడ్‌కి తొణకదు. కాకపోతే 24 వోల్ట్స్ ఏసీ డీసీ అయ్యేసరికి 33 దాకా వస్తుంది, లైన్‌లో 230 కాస్తా 250 అయితే అదీ పెరుగుద్ది, అది చూసుకుని డ్రైవర్ ఎంచుకోవాలి.

వైరింగ్‌లో ప్రతి డ్రైవర్‌కి సప్లై నుంచి విడిగా రెండు వైర్లు మెలిపెట్టి లాగండి, ఒక డ్రైవర్ మీంచి ఇంకోదానికి గొలుసులా వద్దు. ఎర్త్ తప్పనిసరి. ఆన్ ఆఫ్ స్విచ్ ఏసీ వైపే పెట్టండి. కరెంట్ ఉండగా మోటర్ కనెక్టర్ పీకకండి, పీకితే డ్రైవర్ పోతుంది. ఇంకోటి, కొన్ని ఎస్ఎంపీఎస్‌లకి పక్కన జాలీలోంచి చిన్న ఎర్ర స్విచ్ కనపడుద్ది, 115 అనో 230 అనో ఉంటుంది, ప్లగ్ పెట్టేముందు స్క్రూడ్రైవర్‌తో 230 వైపు జరపండి, 115లో ఉండగా మన కరెంట్ ఇస్తే లోపల కెపాసిటర్లు ఢాం.