ఆంటిగ్వా గ్వాటెమాలాను కొండ మీద నుంచి చదవడం మొదలుపెట్టండి

స్పానిష్ నేర్చుకుందామని మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశపు పాత రాజధాని ఆంటిగ్వాలో ఎనిమిది నెలలు ఉన్నాను. మొదటి నెల నా డైరీ తిరగేస్తే అందులో ఉన్నవి రంగు గోడలు, కూలిన చర్చిలు, రాళ్ళు పరిచిన వీధులు. అంతే. ఆ ఊరు అక్కడే ఎందుకు ఉందో, దాన్ని ఎవరు నడుపుతున్నారో అడిగితే ఒక్క ముక్క చెప్పలేకపోయేదాన్ని. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన పెద్దావిడ. రోజూ తెల్లవారుజామున వంటింట్లోంచి "యా వీనో ఎల్ ఆగ్వా?" అని కేకేసేది. నీళ్ళొచ్చాయా అని. ఆ ఇంట్లో బకెట్లు, పీలా అనే సిమెంటు తొట్టి నిండితేనే రోజు మొదలైనట్టు. ఆవిడ అడిగే ఆ ప్రశ్న పట్టుకునే నేను ఊరిని నేర్చుకున్నాను. ఇక్కడి చరిత్ర, పాలన, భూగోళం మూడు వేరువేరు పాఠాలు కావు. నీళ్ళు ఎటు నుంచి వచ్చాయి, నేల ఎప్పుడు కదిలింది అన్న రెండు సంగతులు తెలిస్తే మూడూ ఒకేసారి అర్థమవుతాయి. మీరు అక్కడ కొన్నాళ్ళు ఉండబోతున్నా, ఊరి గురించి రాయాలనుకుంటున్నా నేను చేసిన పని ఇలా చేయండి.

ముందు మ్యూజియానికి వెళ్ళొద్దు. ఉత్తరాన సెర్రో దె లా క్రూస్ అనే చిన్న కొండ ఉంది, పైన రాతి శిలువ ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు లేని కాలం, ఆ నెలల్లో పొద్దున్నే ఎక్కండి. మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది. తెల్ల కాగితం, పెన్సిలు తీసుకెళ్ళండి. దక్షిణంగా తిరిగి నిలబడితే ఊరు గళ్ళనోటు పుస్తకంలా కనిపిస్తుంది, దాని వెనక నిటారుగా ఆగ్వా అగ్నిపర్వతం, 3,760 మీటర్లు. కుడివైపు జంటగా అకతెనాంగో, 3,976 మీటర్లు, ఫువేగో, 3,763 మీటర్లు. మీ కాళ్ళ కింద ఊరే దాదాపు 1,530 మీటర్ల ఎత్తున ఉంది. ముందు మూడు శిఖరాలు గీయండి, తర్వాత వాటి మధ్య పల్లం, ఆ పల్లంలో పెన్సతీవో, గువాకలాతె నదులు. ఊరు ఆఖరున గీయండి. పేర్లు కూడా రాసుకోండి. ఈ లోయ పేరు పంచోయ్, ఇక్కడి మాయా జనం కక్చికెల్ వాళ్ళ భాషలో చోయ్ అంటే సరస్సు. ఆగ్వా అంటే స్పానిష్‌లో నీళ్ళు, ఫువేగో అంటే నిప్పు. ఆగ్వాకు కక్చికెల్ వాళ్ళ పేరు హునహ్‌పూ. చరిత్రకు తెలిసిన కాలంలో ఆగ్వా ఒక్కసారీ బద్దలు కాలేదు. ఫువేగో మాత్రం ఊపిరి తీసుకున్నట్టు పొగ వదులుతూనే ఉంటుంది. 2018 జూన్ 3న అది పేలినప్పుడు అవతలి వాలున, ఎస్క్వింత్లా వైపున్న సాన్ మిగెల్ లోస్ లోతెస్ ఊరు పూడిపోయింది.

ఫువేగో బూడిద గురించి ఒక మాట. దండెం మీద ఆరేసిన తెల్ల దుప్పటి సాయంత్రానికి బూడిదరంగు అయ్యేది. తడి చేత్తో తుడవబోతే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. అది మామూలు దుమ్ము కాదు, గాజు నూక. తడిపితే మెత్తగా అంటుకుని గీతలు పెడుతుంది. బట్టను పొడిగానే విదిలించాలి, డాబా మీదది మాత్రం దుమ్ము లేవకుండా కొద్దిగా నీళ్ళు చిలకరించి ఊడ్చి ఎత్తాలి.

రెండో పని: గీసిన బొమ్మ మీద మునిసిపియో హద్దు వేయండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మునిసిపియో అంటే పట్టణం ఒక్కటే కాదు, పట్టణమూ దాని చుట్టూ ఉన్న పల్లెలూ కలిసిన పాలనా ప్రాంతం. మన మండలం అనుకుంటే దగ్గరగా ఉంటుంది, కాకపోతే దానికి ఎన్నికైన సొంత ప్రభుత్వం ఉంటుంది. ఆ పల్లెల్ని అల్దేయా అంటారు: సాన్ హువాన్ దెల్ ఒబిస్పో, సాంతా ఆనా, సాన్ పెద్రో లాస్ హువెర్తాస్, సాన్ క్రిస్తోబల్ ఎల్ ఆల్తో, ఇంకా కొన్ని. సాన్ హువాన్‌కు తప్పకుండా వెళ్ళండి. గ్వాటెమాలా మొదటి బిషప్ ఫ్రాన్సిస్కో మర్రొకీన్ ఇల్లు అక్కడే ఉంది. నిస్పెరో అనే పసుపు పండ్ల చెట్లు పెరటి పెరటా ఉంటాయి. అయితే పక్కనే ఆనుకుని ఉన్న హోకోతెనాంగో, సియుదాద్ వియెహా, నేతకు పేరున్న సాన్ అంతోనియో ఆగ్వాస్ కాలియెంతెస్ ఆంటిగ్వాలో భాగం కావు. వాటికి వాటి మేయర్లున్నారు. వీటన్నిటి మీదా ఉన్నది సకతెపేకెస్ జిల్లా, అందులో 16 మునిసిపియోలు. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం ఆంటిగ్వా. సకతెపేకెస్ నావతల్ మాట, గడ్డి కొండ అని అర్థం. మాయా భాష మాట్లాడే నేల మీద మెక్సికో భాషలో పేరు ఎందుకుందంటే, స్పెయిన్ సైన్యంతో కలిసి వచ్చిన త్లాష్కల్తెకా తదితర మెక్సికో యోధులే ఈ దారులకు పేర్లు పెట్టారు.

1541లో బురదలో మునిగిపోయిన అంతకుముందటి రాజధాని కోసం నేను ఆంటిగ్వా వీధుల్లో ఒక రోజంతా వెతికాను. అది ఆంటిగ్వాలో లేదు, సియుదాద్ వియెహాలో ఉంది. హద్దు ముందు వేసుకుని ఉంటే ఆ రోజు మిగిలేది.

మూడో పని చరిత్ర. తేదీల పట్టిక రాయకండి, ఊరు ఎన్నిసార్లు చోటు మారిందో రాయండి. నాలుగు చోట్లు, నాలుగు కారణాలు.

మొదటిది ఇషిమ్‌చె, కక్చికెల్ వాళ్ళ రాజధాని. 1524 జూలై 25న, సెయింట్ జేమ్స్ పండుగ రోజున, స్పెయిన్ సైన్యం నాయకుడు పెద్రో దె అల్వరాదో అక్కడే సాంతియాగో, అంటే ఆ సెయింట్ జేమ్స్ పేరుతోనే, స్పానిష్ పట్టణం ప్రకటించాడు. అతను అడిగిన కప్పం భరించలేక కక్చికెల్ వాళ్ళు తిరగబడ్డారు, పట్టణం అక్కడ నిలవలేదు. రెండోది 1527 నవంబరు 22న, అల్వరాదో తమ్ముడు హోర్హె, ఆగ్వా పాదం దగ్గర అల్మోలోంగా లోయలో వేసింది. అల్మోలోంగా అంటే నీటి ఊట ఉన్న చోటు. నీళ్ళ కోసం కొండ కిందికి చేరారన్నమాట. 1541లో అల్వరాదో మెక్సికోలో చనిపోయాడు. సెప్టెంబరులో అతని భార్య బెయాత్రిస్ దె లా కువేవాను గవర్నరుగా ఎన్నుకున్నారు. సంతకం చేసేటప్పుడు తన పేరు పక్కన 'లా సిన్ వెంతూరా', అదృష్టం లేనిది, అని రాసుకుంది. రోజుల తరబడి కురిసిన వానకు సెప్టెంబరు 10 రాత్రి, తెల్లవారితే 11, ఆగ్వా వాలు నుంచి బురద, బండరాళ్ళు దొర్లుకొచ్చి ఊరిని ముంచేశాయి. ఆమె ప్రార్థనా మందిరంలో చనిపోయింది. అది లావా కాదు, వాన నీరు, మట్టి. 2010 మేలో అగాథా తుఫానుకు అదే వాలు నుంచి అదే చోటికి, ఇప్పటి సియుదాద్ వియెహాలోని సాన్ మిగెల్ ఎస్కోబార్ మీదికి, మళ్ళీ బురద దిగింది. మీ బొమ్మ మీద ఆ వాలు దగ్గర రెండు ఏళ్ళూ ఒకదాని కింద ఒకటి రాయండి.

మూడోది పంచోయ్ లోయ. 1543 నుంచి రాజధాని ఇక్కడే, పేరు సాంతియాగో దె లోస్ కబాయెరోస్ దె గ్వాటెమాలా. కొండకు దూరంగా జరిగారు కనుక బురద బెడద తగ్గింది, భూకంపాలు మాత్రం వదల్లేదు. 1717, 1751, చివరికి 1773 జూలై 29, సాంతా మార్తా రోజు. ఈ రెండు శతాబ్దాల్లో ఇక్కడి నుంచే మధ్య అమెరికాను పాలించారు. 1676లో సాన్ కార్లోస్ విశ్వవిద్యాలయం వచ్చింది. 1694లో సాంతా కతలీనా ఆర్చి కట్టారు, మఠంలోని సన్యాసినులు బయటివాళ్ళ కంటపడకుండా వీధి దాటడానికి. ఫొటోల్లో అందరూ చూసేది అదే. నాలుగో చోటు లా ఎర్మీతా లోయ, ఇప్పటి గ్వాటెమాలా నగరం. 1776 జనవరిలో నగర సభ అక్కడికి మారింది. మార్చాలని పట్టుబట్టింది స్పెయిన్ రాజు తరఫున పాలించే కెప్టెన్ జనరల్ మార్తీన్ దె మయోర్గా, వద్దని ఎదిరించింది ఆర్చిబిషప్ పెద్రో కోర్తెస్ ఇ లర్రాస్. ఇళ్ళు వదలమన్న ఆజ్ఞ లెక్కచేయకుండా కొందరు శిథిలాల మధ్యే ఉండిపోయారు. వాళ్ళున్న ఊరే ఆంటిగ్వా, అంటే పాతది. ఇప్పుడా ఊరివాళ్ళను పాన్సా వెర్దె, పచ్చ పొట్టలు అంటారు, అవకాడో మీద మమకారానికి. నాకు ఈ ఊరిలో అన్నిటికంటే గౌరవం కలిగించేది కోటలూ చర్చిలూ కాదు, రాజాజ్ఞ వచ్చినా కదలని ఆ మామూలు జనం.

నాలుగోది చిరునామా చదవడం, చిన్న పని. కాయె అనే వీధులు తూర్పు పడమరలుగా, అవెనీదా అనేవి ఉత్తర దక్షిణాలుగా పోతాయి. దిక్కుల లెక్క మధ్య చౌకు నుంచి మొదలవుతుంది. చౌకుకు ఉత్తరాన నాలుగో కాయె, దక్షిణాన ఐదో కాయె, తూర్పున నాలుగో అవెనీదా, పడమట ఐదో అవెనీదా. ప్రతి వీధి పేరు చివర నోర్తె (ఉత్తరం), సూర్ (దక్షిణం), ఓరియెంతె (తూర్పు), పోనియెంతె (పడమర) అన్న మాటల్లో ఒకటి ఉంటుంది. అది రాసుకోకుండా దిగిన మొదటి రోజు పెట్టె ఈడ్చుకుంటూ ఐదో అవెనీదాలో సూర్ చివరిదాకా వెళ్ళాను, ఇల్లు నోర్తెలో ఉంది. రాళ్ళ మీద పెట్టె చక్రం విరిగింది. దిక్కు తోచకపోతే ఆగ్వా వైపు చూడండి, అది దక్షిణం.

ఐదోది పాలన, దీనికి చౌకులోనే నిలబడండి. తూర్పున కతెద్రాల్ అనే పెద్ద చర్చి, దక్షిణాన కెప్టెన్ జనరల్ భవనం, ఉత్తరాన అయుంతామియెంతో అనే నగర సభ భవనం, పడమట వర్తకుల వరండా. మతం, రాజు, ఊరు, బేరం ఒకదానికొకటి ఎదురుగా. 1743లో పూర్తయిన అయుంతామియెంతో గోడల మందం ఒకసారి చేత్తో కొలిచి చూడండి. 1773కు నిలిచింది ఆ మందం వల్లే.

ఇప్పుడు ఊరిని నడిపేది కొన్సెహో మునిసిపల్ అనే పాలక సభ: అల్కాల్దే, అంటే మేయరు, ఆయనతో పాటు సభ్యులైన సిందికోలు, కొన్సెహాల్‌లు. జనాభాను బట్టి వీళ్ళ సంఖ్య. నాలుగేళ్ళకోసారి దేశ ఎన్నికల రోజునే జనం ఓటేస్తారు, కిందటిది 2023లో జరిగింది. జిల్లా గవర్నరును మాత్రం ఎవరూ ఎన్నుకోరు, దేశాధ్యక్షుడు నియమిస్తాడు. ఈ తేడా గుర్తుంటే ఏ గోడు ఎవరికి చెప్పుకోవాలో తెలుస్తుంది. డబ్బు లెక్క రాజ్యాంగం 257వ అధికరణంలో ఉంది: దేశ సాధారణ బడ్జెట్‌లో పది శాతం మునిసిపియోలకు పంచాలి, అందులో 90 శాతం చదువు, ఆరోగ్యం, పనులు, సేవలకే. ఇది కాక ఏటా పెద్దవాళ్ళు బొలేతో దె ఒర్నాతో అనే చిన్న పన్ను కడతారు, ఆదాయాన్ని బట్టి, అక్కడి డబ్బులో 4 నుంచి 150 కెత్సాల్‌ల దాకా. ఫిబ్రవరి దాటితే రెట్టింపు. పల్లెల్లో కొకోదె అనే స్థానిక అభివృద్ధి మండలులు ఉంటాయి, 2002 నాటి 11-2002 చట్టం కింద. నీళ్ళ గొట్టం ఎటు వేయాలన్న మాట ముందు పుట్టేది అక్కడే.

ఆంటిగ్వాకు మరో పెద్దమనిషి ఉంది: ఊరి రక్షణ మండలి. 1969లో వచ్చిన 60-69 చట్టం దానికి ఆధారం. 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గోడ రంగు మార్చాలన్నా, బోర్డు పెట్టాలన్నా ఈ మండలి అనుమతి కావాలి. మునిసిపాలిటీ ఒప్పుకున్నా సరిపోదు. మా పెద్దావిడ పెంకు సరిచేయించడానికి రెండు కాగితాలు పట్టుకుని తిరగడం చూశాను. విసుక్కునేది కాదు. "ఇది నా ఒక్కదాని పైకప్పు కాదు" అనేది.

కొన్సెహో వారానికోసారైనా కూర్చోవాలి, సభలు బహిరంగం, మునిసిపల్ కోడు చెప్తుంది. వెళ్ళి వినండి, మాట సగమే అర్థమైనా సరే. ఏదైనా కాగితం కావాలంటే 57-2008 సమాచార చట్టం కింద రాసి అడగండి, కారణం చెప్పనక్కర్లేదు, గడువు పది రోజులు. ప్రశ్న ఒకటే, సూటిగా రాయండి: ఫలానా అల్దేయాకు నీళ్ళు ఏ బావి నుంచి, వారంలో ఏ రోజుల్లో. పాత సభల రికార్డులు రాజధానిలోని మధ్య అమెరికా సాధారణ ప్రాచీన పత్రాలయంలో ఉన్నాయి. 1:50,000 స్కేలు పటాలు జాతీయ భూగోళ సంస్థలో దొరుకుతాయి. నా చేతి బొమ్మను ఆ పటంతో పోల్చుకున్నప్పుడు పెన్సతీవోను నేను చాలా నిటారుగా గీశానని తెలిసింది. చెరిపి మళ్ళీ గీశాను.

ఆ బొమ్మ తీసుకుని ఒక పొద్దున తాంకె లా ఉనియోన్‌కు వెళ్ళండి. 1853లో కట్టిన ఊరి ఉతుకు తొట్టి అది. వరండా కింద వరసగా రాతి తొట్లు, మధ్యలో పెద్ద నీళ్ళ మడుగు. ఇంట్లో నీళ్ళు రాని రోజున ఆడవాళ్ళు ఇప్పటికీ బట్టల మూటతో వస్తారు. ప్లాస్టిక్ గిన్నెతో నీళ్ళు ముంచి తొట్టిలో పోసి రుద్దుతారు, మడుగులో మాత్రం సబ్బు చెయ్యి పెట్టరు. పక్కన కూర్చుని, మీ పల్లెలో నీళ్ళెప్పుడొస్తాయి అని అడగండి. చెప్పింది చెప్పినట్టు ఆ అల్దేయా పేరు కింద రాసుకోండి.