తెల్లవారేసరికి కుంగిపోయే కారు: ఎయిర్ సస్పెన్షన్‌తో నా అనుభవం

ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులపై నిలిచే ఎయిర్ సస్పెన్షన్ ఉన్న మా ఎలక్ట్రిక్ కారు రాత్రి సమంగానే నిలబడి, తెల్లవారేసరికి ముందు ఎడమ మూల నాలుగు వేళ్ల మేర కుంగిపోయేది. ఆన్ చేయగానే ఆ సంచుల్లో గాలి నింపే కంప్రెసర్ చాలాసేపు రొదచేసి దాన్ని మళ్లీ పైకి లేపేది. కంప్రెసరే మార్చాలని ఒక మెకానిక్ చెప్పినా నాకు నమ్మకం కలగలేదు. కారు ఆపి ఉంచినప్పుడు ఒకే మూల మెల్లగా దిగుతోందంటే ఆ మూలలోనే ఎక్కడో గాలి పోతోందని, కంప్రెసర్ ఆ లోటు పూడుస్తూ అలిసిపోతోందని అనిపించింది.

సస్పెన్షన్‌లో గాలి నిండుగా ఉండగానే సబ్బునీళ్లు బ్రష్‌తో పూశాను. బెలోస్ (గాలి నిండే రబ్బరు సంచి) మడతల్లో ఏమీ కనబడలేదు. ఆ సంచి అమర్చి ఉన్న నిలువు కడ్డీ, అంటే స్ట్రట్, తలపై సన్నని గాలి గొట్టం దూరే ఇత్తడి ఫిట్టింగ్ చుట్టూ మాత్రం ఆవగింజలంత బుడగలు ఒకదాని వెంట ఒకటి పుట్టి, ఉబ్బి, పగలసాగాయి.

కారు ఎత్తు తనంతట తానే సర్దుకోకుండా ఆపే జాక్ మోడ్ ఆన్ చేసి, కారును ఎత్తి, స్టాండ్లపై నిలిపాక, నారింజ రంగు హై వోల్టేజి కేబుళ్ల జోలికి పోకుండా, ఫిట్టింగ్‌ను కొద్దికొద్దిగా వదులు చేసి లోపలి గాలిని పూర్తిగా పోనిచ్చాను. గొట్టం చివర గీతలు పడి ఉంది. ఆ భాగాన్ని పదునైన బ్లేడుతో అడ్డంగా, ఏ వాలూ లేకుండా కోసి, కొత్త ఫిట్టింగ్ బిగించాను. పాతదాన్ని మళ్లీ వాడటం సరికాదని నా అభిప్రాయం. గాలి నిండాక మళ్లీ సబ్బునీళ్లు పూస్తే ఒక్క బుడగా రాలేదు. ఆ రాత్రి చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి పెట్టుకున్నాను. ఉదయం కొలత మారలేదు.