నిమ్మకాయలోంచి రక్తం కారితే ఏం చెయ్యాలి

పోయినేడు బెంగళూరు మారతహళ్లిలో మా పిన్ని వాళ్లింటికి ఒకాయన వచ్చాడు. హాల్లో పీట వేసుకు కూర్చుని నిమ్మకాయ కోస్తే ఎర్రగా కారింది. "మీ వాళ్లే ఎవరో చేయించారమ్మా" అని, శాంతికి 11,000 అడిగాడు. నేను అందరి ముందూ "ఇదంతా మోసం" అని అరిచాను. పిన్ని నా మీద కోపంతో డబ్బు ఇచ్చేసింది!

కాబట్టి ముందు అరవకండి. నాస్తికులమని చెప్పుకునే మనలో చాలామందికి ఈ జబ్బుంది, ఎదుటివాళ్లని మూర్ఖులన్నాక కూడా వాళ్లు మన మాట వింటారనుకుంటాం.

చిన్న మాటలు అడగండి. నిమ్మకాయ ఎవరు తెచ్చారు, కత్తి ఎవరిది? మా ఫ్రిజ్‌లో కాయ ఉంది, మా కత్తితో కోస్తారా? ఇందులో దేవుడున్నాడా లేడా అన్న గొడవే లేదు, నమ్మేవాళ్లు కూడా హాయిగా అడగొచ్చు.

తర్వాత ఇంట్లో చేసి చూపించండి. ఎర్ర మందార రేకులు నాలుగు నలిపి కత్తికి రెండు పక్కలా బాగా రుద్ది ఆరనివ్వండి. తడి ఆరాక పెద్దగా కనపడదు. దాంతో నిమ్మకాయ కోస్తే రసం ఎర్రబడుతుంది, మందారలోని రంగు పులుపు తగిలితే ఎర్రగా తేలుతుంది, అంతే. ఆయన వాడింది మందారో ఇంకేదో మందో నాకు తెలీదు, కానీ చేతబడి లేకుండానే అది జరుగుతుందని తేలింది కదా. పిల్లలుంటే పసుపు నీళ్లలో సున్నం కలిపించండి, మన పెళ్లిళ్లలో దిష్టి తీసే ఎర్రనీళ్లే. అందులో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు!

ఈ ఊళ్లో ఇలా అడగడం కొత్తేం కాదు. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉండగా హెచ్. నరసింహయ్య గారు 1976లో మహిమల్ని పరీక్షించడానికి కమిటీ వేశారు, మా ముందు చేసి చూపించమని పుట్టపర్తి సాయిబాబాకు ఉత్తరాలు రాశారు. ఆ పరీక్ష జరగనే లేదు. నరసింహయ్య గారేమో బసవనగుడి నేషనల్ కాలేజీ హాస్టల్ గదిలో బతికిన గాంధేయవాది. శాస్త్రీయ దృక్పథం, ప్రశ్నించే తత్వం పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలో 51ఎ(హెచ్) చేరిందీ 1976లోనే. కర్ణాటకలో 2017 నాటి మూఢాచారాల నిషేధ చట్టం ఉంది గానీ, అది జ్యోతిషం, వాస్తు జోలికి పోదు. మీ ఇంట్లో కూర్చున్నాయన్ని మీరే అడగాలి.

మీ నమ్మకాల్నీ ప్రశ్నించకుండా వదలకండి. జనగణమనను ప్రపంచంలోకెల్లా గొప్ప జాతీయగీతమని యునెస్కో ప్రకటించిందన్న వాట్సాప్ మెసేజ్‌ని నేనే పది గ్రూపుల్లో పెట్టాను, అది ఉత్త పుకారు.

11,000 పోతే పోయాయి. ఆ "మీ వాళ్లే" అన్న మాట పిన్ని మనసులో తోడికోడలి మీదికి పోయింది. ఆరు నెలలు ఫోన్ లేదు, రాకపోకల్లేవు, సంక్రాంతికి ఒకే ఊళ్లో రెండిళ్లలో వేరువేరుగా అరిసెలు. ఇలాంటి కథల్లో ఆ "ఎవరో" ఎప్పుడూ ఒక ఆడమనిషే ఎందుకవుతుందో కూడా అడగండి.

మందార కత్తితో పిన్ని తనే మూడు కాయలు కోసింది. ఏమీ అనలేదు. ఆ ఆదివారం గోంగూర పచ్చడి సీసా పట్టుకుని తోడికోడలింటికి వెళ్లింది. గుమ్మానికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి, నేనూ తీయమనలేదు.