సుద్దముక్కతో పాత కారు గేర్ రేషియో లెక్కపెట్టడం ఎలా?

మా కోనసీమలో ఇప్పటికీ కొన్ని ఇళ్లల్లో కొబ్బరిచెట్ల పక్కన షెడ్డులో ఒక అంబాసిడర్ ఉంటుందండి, తాతగారిదో మావయ్యదో, అమ్మబుద్ధి కాదు. దాన్నేసుకుని రావులపాలెం దగ్గర హైవే ఎక్కితే 80కి వచ్చేసరికి ఇంజిన్ గోల మొదలు. "ఫైవ్ స్పీడ్ బాక్స్ ఏయించెయ్యండి, ఆయ్, దూసుకెళ్లిపోద్ది" అంటారు అందరూ. ముందు మీ బండిలో ఏ రేషియో (ఒకటి ఒక చుట్టు తిరగడానికి దాన్ని తిప్పేది ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క) ఉందో మీరే చూసుకోండి. నేను చూసుకోకుండా పాత సామాన్ల షాపులో డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా) కొని బిగించేసి, మీటరు 60 చూపిస్తుంటే పక్కనుంచి ఆటో దాటెళ్లిపోయాక తెలుసుకున్నా (మీటరు కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది, వెనకాల డిఫరెన్షియల్ మారిన సంగతి దానికేం తెలుసు).

ఇది వెనక చక్రాలు లాగే బళ్లకే, మారుతి 800 లాంటి వాటికి కింద గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే పొడుగు షాఫ్టే ఉండదు.

మొదట డిఫరెన్షియల్. బండి చదునైన గచ్చు మీద పెట్టి, ముందు చక్రాలకి రెండువైపులా చెక్క దిమ్మలు పెట్టండి, ఇటుకలొద్దు పగిలిపోతాయి. బ్యాటరీ వైరు తీసెయ్యండి. ఒక్క వెనక చక్రమే జాకీతో లేపి స్టాండ్ మీద కూర్చోబెట్టి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వదలండి. చక్రం మీద ఒక సుద్దగీత, షాఫ్ట్ మీద ఒక గీత. మీరు చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతుంటే ఇంకొకరు పక్కన కూర్చుని షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి, కిందకి దూరక్కర్లేదు. రెండు చుట్లు ఎందుకంటే రెండో చక్రం నేల మీద కదలకుండా ఉంది కాబట్టి లేపిన చక్రం డబుల్ తిరుగుతుంది. షాఫ్ట్ నాలుగున్నర తిరిగితే మీ రేషియో 4.5.

తర్వాత గేర్లు. బండి అలాగే ఉంచి స్పార్క్ ప్లగ్గులు తీసెయ్యండి, ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. గేర్ వేసి, ముందు హ్యాండిల్ పెట్టి తిప్పండి, హ్యాండిల్ లేకపోతే ముందు పుల్లీ నట్టుకి స్పానర్ వేసి. షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే ఆ గేర్ రేషియో. పాత నాలుగు గేర్ల బాక్సులో టాప్ అంటే ఒకటికి ఒకటి. ఇంజిన్ నాలుగు తిరిగితే షాఫ్ట్ ఐదు తిరిగిందా, అది 0.8, ఓవర్‌డ్రైవ్ అంటే అదే.

ఇక టైరుకి గీత పెట్టి బండి ఒక చుట్టు తోసి నేల మీద టేపుతో కొలవండి, 2 మీటర్లనుకుందాం. టాప్ గేర్‌లో 3000 ఆర్పీయంని (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 4.5తో భాగించి 2తో గుణిస్తే నిమిషానికి 1333 మీటర్లు, అంటే గంటకి 80 కిలోమీటర్లు. 0.8 గేర్ ఉంటే అదే 80కి ఇంజిన్ 2400 తిరిగితే చాలు. గోల, అరుగుదల తగ్గుతాయి, పెట్రోలు కూడా కొంత కలిసొస్తుంది, కానీ పికప్ మాత్రం పెరగదు, ఉన్నది కాస్తా తగ్గుతుంది. సిద్ధాంతం వంతెన మీద ఎదురుగాలి కొడుతున్నా, వెనక కొబ్బరికాయల బస్తాలున్నా ఫోర్త్‌కి వచ్చెయ్యండి. కాలవగట్టు రోడ్ల మీద ఐదో గేరు ఊసే ఎత్తొద్దు, ఇంజిన్ గుడగుడలాడుతుంటే అలాగే తొక్కితే బేరింగులకి దెబ్బ.

1992 తర్వాత వచ్చిన ఇసుజు 1.8 పెట్రోలు అంబాసిడర్‌కి ఐదో గేరు కంపెనీ నుంచే వచ్చింది. బ్రిటిష్ పాత కార్లు కొన్నిటిలో అయితే గేర్‌బాక్స్ వెనకాల లేకాక్ డి నార్మన్‌విల్ అనే ఓవర్‌డ్రైవ్ యూనిట్ విడిగా ఉంటుంది, స్విచ్ వేస్తే ఆయిల్ ప్రెషర్‌తో పడుతుంది. అలాంటి బండి చేతికొస్తే ఓవర్‌డ్రైవ్ పడి ఉండగా రివర్స్ మాత్రం వెయ్యొద్దు, లోపల ఒకవైపే తిరిగే క్లచ్ ఉంటుంది, అది ముక్కలైపోతుంది.