ఆర్వీ క్యాంపింగ్‌కు జనరేటరా, సోలారా? ఎలా తేల్చుకోవాలి?

కరెంటు కనెక్షన్ దొరకని చోట ఆర్వీ (లోపలే వండుకుని, పడుకునే వీలున్న బండి) నిలిపి నాలుగు రోజులు గడపాలనుకునేవారు సాధారణంగా ధరలు పోల్చడంతో మొదలుపెడతారు. నిజానికి ముందు తెలియవలసింది రోజుకు ఎంత కరెంటు ఖర్చవుతుందన్నది.

మొదట, వాడబోయే ప్రతి పరికరం ఎన్ని వాట్లు తీసుకుంటుందో, రోజులో ఎన్ని గంటలు నడుస్తుందో రాసుకుని, రెండింటినీ గుణించి కూడండి. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ 50 వాట్ల చొప్పున రోజులో మొత్తం 12 గంటలు నడిస్తే 600 వాట్ అవర్లు. దీపాలకు 100, ఫ్యానుకు 240, ల్యాప్‌టాప్‌కూ ఫోన్లకూ 160 వేసుకుంటే మొత్తం 1,100 అవుతుంది. ఇప్పుడు ఇదే లెక్కలో 13,500 బీటీయూల (చల్లబరిచే శక్తికి కొలత) రూఫ్ ఏసీని చేర్చి చూడండి. కంప్రెసర్ తిరుగుతున్నంతసేపు అది సుమారు 1,300 నుంచి 1,500 వాట్లు లాగుతుంది కాబట్టి, మిగిలినవన్నీ రోజంతా వాడుకునేదానికంటే ఎక్కువ కరెంటును గంటలోనే మింగేస్తుంది. ఏసీ లేనిదే నిద్రపట్టని వారు జనరేటర్ వైపు, అది అక్కరలేనివారు సోలార్ వైపు మొగ్గడం మంచిదని నా అభిప్రాయం.

సోలార్ అనుకుంటే, పైకప్పు మీద పడుకోబెట్టి బిగించిన 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండ ఉన్న రోజున దాదాపు 300 వాట్ అవర్లు ఇస్తుందని లెక్కవేసుకోండి. ఏసీ కలపని పై ఖర్చుకు 400 వాట్ల ప్యానెళ్లు చాలతాయి. బ్యాటరీ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు: 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు 1,280 వాట్ అవర్లు నిల్వ ఉంటాయి, వాటిలో చాలా భాగం వాడుకోవచ్చు, లెడ్ యాసిడ్ బ్యాటరీనైతే సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జింగ్ చేయకూడదు.

తర్వాత, బండి ఎక్కడ ఆపుతారో ఆలోచించండి. చెట్టు నీడ చల్లగా ఉంటుంది గానీ, ప్యానెల్‌లో ఓ మూల మీద కొమ్మ నీడ పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. నీడలోనే ఉండాలనుకుంటే, పొడవాటి వైరుతో ఎండలోకి జరుపుకోగలిగే మడత ప్యానెల్ మేలు.

జనరేటరే కొనేటట్లయితే ఇన్వర్టర్ రకాన్ని ఎంచుకోండి, శబ్దం తక్కువ. ఏసీ మొదలయ్యే క్షణంలో మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు అడుగుతుంది కనుక 2,000 వాట్ల యంత్రంతో నడపాలంటే ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ (ఆ మొదటి కుదుపును తగ్గించే పరికరం) అవసరం పడవచ్చు. పైగా ఎత్తైన ప్రదేశాలలో గాలి పలచబడి, ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం శక్తి తగ్గుతుంది. చాలా క్యాంపు స్థలాలలో రాత్రిపూట జనరేటర్ నడపనివ్వరు, ఆ వేళలు ముందే కనుక్కోండి. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. కాబట్టి యంత్రాన్ని కనీసం 6 మీటర్ల దూరాన, పొగగొట్టం ఎవరి బండి వైపూ తిరగకుండా ఉంచి, ఆర్వీ లోపల ఆ వాయువును పసిగట్టే అలారం తప్పక పెట్టండి.

ముసురు పట్టే కాలంలో వారాలపాటు తిరిగేవారికి రెండూ కావాలి: రోజువారీ ఖర్చుకు ప్యానెళ్లు, మబ్బు వీడని రోజుల్లో బ్యాటరీ నింపడానికి చిన్న జనరేటర్. దాన్ని వాడకపోయినా నెలకోసారి కొంత లోడుతో నడపండి, లేదంటే పాత పెట్రోలు కార్బురేటర్‌లో జిగురులా పేరుకుని, అవసరమైన రోజున స్టార్ట్ కాదు.