పిన్‌బాల్ లైబ్రరీ సర్దుదాం (3వ పాఠం): పాత వెర్షన్లు ఎక్కడ పెట్టాలి?

గత పాఠంలో మీ కంప్యూటర్‌లో విజువల్ పిన్‌బాల్ ప్రోగ్రామ్‌తో ఆడేందుకు అభిమానులు కట్టిన పిన్‌బాల్ టేబుళ్లన్నిటికీ పేరు, తయారీ సంస్థ, సంవత్సరం రాసుకోమన్నాను. రాయనివాళ్లు కనీసం ఓ పదింటికైనా రాసుకుని రండి, ఈ పాఠమంతా ఆ జాబితా మీదే నడుస్తుంది.

ముందు వర్గాల సంగతి. మొదట్లో నేను 'బాగున్నవి', 'కష్టమైనవి', 'చూడాల్సినవి' అని ఫోల్డర్లు పెట్టాను. ఆరు నెలలకు అన్నీ 'చూడాల్సినవి'లోనే పోగుపడ్డాయి. మన ఇష్టాలు మారుతుంటాయి, యంత్రం మాత్రం మారదు. అందుకే దాని లోపల ఏముందో చూసి విడదీయండి. రిలేలు (కరెంటుతో కదిలే స్విచ్‌లు), గంటలతో నడిచేవి ఎలక్ట్రోమెకానికల్. గాట్లీబ్ వాళ్ల హంప్టీ డంప్టీ (1947) ఇందులోకే వస్తుంది. 1970ల చివర్లో మైక్రోప్రాసెసర్లు వచ్చాక సాలిడ్ స్టేట్ కాలం. విలియమ్స్ వాళ్ల బ్లాక్ నైట్ (1980) అటువంటిది. నారింజ రంగు చుక్కల తెర (డాట్ మ్యాట్రిక్స్ డిస్‌ప్లే) ఉంటే డీఎండీ: ఆడమ్స్ ఫ్యామిలీ (1992), మెడీవల్ మ్యాడ్‌నెస్ (1997). అసలు యంత్రమే లేకుండా అభిమానులు సొంతంగా కట్టినవి ఒరిజినల్.

నాలుగు చాలు. థీమ్, డిజైనర్ వగైరా షీట్‌లో కాలమ్‌లుగా ఉండనివ్వండి. ఈ పద్ధతిలో ఒక లాభం ఉంది. ఎలక్ట్రోమెకానికల్ టేబుళ్లకు సాధారణంగా రామ్ ఫైల్ (ROM, అంటే అసలు యంత్రం చిప్‌లోని ప్రోగ్రామ్ కాపీ) అక్కర్లేదు, ఆట నియమాలన్నీ టేబుల్‌తో వచ్చే కోడ్‌లో, అంటే స్క్రిప్ట్‌లోనే ఉంటాయి. సాలిడ్ స్టేట్, డీఎండీ టేబుళ్లకు మాత్రం దాదాపు ఎప్పుడూ కావాలి. టేబుల్ ఎందుకు తెరుచుకోవట్లేదో వర్గం చూస్తేనే సగం తెలిసిపోతుంది.

ఇక పాత వెర్షన్లు. పోయినేడాది ఒక టేబుల్‌కి కొత్త వెర్షన్ దొరికితే నా కంప్యూటర్‌లోనూ, మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌లోనూ పాతదాని మీదే కాపీ చేసేశాను. కూకట్‌పల్లి నుంచి మా మేనల్లుడి ఫోన్: "మామా, బంతి ఆగి ఆగి పోతుంది. పాతదే మంచిగుండె గదా!" వాడి పాత ల్యాప్‌టాప్ కొత్త బొమ్మల బరువు మోయలేకపోయింది. పాత ఫైలేమో నా దగ్గరా లేదు, వాడి దగ్గరా లేదు.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలవాళ్లను చూడండి. సిలబస్ మారిందని పాత ఎడిషన్ పారేయరు, పక్కన ఇంకో కుప్ప పోస్తారు. మనమూ ప్రతి వర్గంలో 'పాతవి' అని ఒక్క ఫోల్డర్ పెడదాం. 'పాతవి' అన్నది వర్గం కాదు, వర్గం లోపలి అర. అన్ని వర్గాల పాతవీ ఒకేచోట గుట్టపోస్తే మళ్లీ మొదటికే వస్తాం.

విజువల్ పిన్‌బాల్ 9 కాలం నాటి వీపీటీ ఫైళ్లు, 10 తర్వాతి వీపీఎక్స్ ఫైళ్లు కలపకండి. పాతది కొత్త ప్రోగ్రామ్‌లో తెరుచుకున్నా, ఫ్లిప్పర్ దెబ్బ, బంతి వేగం కట్టినవాళ్లు అనుకున్నట్టు ఉండకపోవచ్చు. ఫైల్ పేరు ఈ వరసలో ఉంచండి: యంత్రం, సంస్థ, సంవత్సరం, కట్టినవాళ్లు, వెర్షన్. పేరు మార్చినప్పుడు బ్యాక్‌గ్లాస్ (యంత్రం పైభాగంలో నిలబడే బొమ్మల పలక) ఫైల్ పేరు కూడా అచ్చం అలాగే మార్చాలి, లేదంటే పై తెర ఖాళీగా ఉంటుంది. రామ్ జిప్ పేరు మాత్రం ముట్టుకోవద్దు, స్క్రిప్ట్ దాన్ని ఆ పేరుతోనే వెతుకుతుంది.

ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. రామ్ వాడే టేబుళ్లలో స్కోర్లు సేవ్ అయ్యేది టేబుల్ పేరుతో కాదు, రామ్ పేరుతో. పాత, కొత్త వెర్షన్లు రెండూ ఒకే రామ్ వాడితే హైస్కోర్లు కూడా ఒక్కటే. పాతదాన్ని ఊరికే పరీక్షించి చూద్దామని ఆడినా, ఆ స్కోరు కొత్తదాంట్లో కనబడుతుంది. ముందే ఆ స్కోర్లు ఉండే ఎన్‌వీరామ్ (nvram) ఫోల్డర్‌ని కాపీ చేసి పక్కన పెట్టుకోండి.

ఆన్‌లైన్‌లో స్నేహితులతో పంచుకునేది జాబితా షీట్ మాత్రమే. ఫైళ్లు మన డిస్కులోనే ఉండాలి. కట్టినవాళ్ల అనుమతి లేకుండా టేబుళ్లు మళ్లీ ఎక్కించడం మర్యాద కాదు.

ఈ వారం పని: రెండు వెర్షన్లున్న టేబుల్ ఒక్కటి తీసుకోండి. రెండూ ఆడి, ఏది ఉంచాలో, ఎందుకో షీట్‌లో ఒక్క వాక్యం రాయండి. వచ్చే పాఠంలో ఆ వాక్యాలతోనే మొదలుపెట్టి, ఒకే యంత్రానికి ముగ్గురు కట్టిన టేబుళ్లను ఎలా వేరుచేయాలో చూద్దాం.