ఇంట్లోనే రాక్ స్లైడర్ల తయారీ – 3వ భాగం: బరువు మోసే కాళ్ళు

రాళ్ళ మీద నడిపేటప్పుడు తలుపుల కింది రేకు నలగకుండా బండికి రెండు పక్కలా బిగించే ఇనుప కాపులే రాక్ స్లైడర్లు. గత రెండు భాగాల్లో బండి కొలతలు తీసుకుని, ఇనుము ఎంచుకున్నాం. ఈసారి కాళ్ళ సంగతి. బయటికి కనిపించే గుండ్రటి పైపునే అందరూ చూస్తారు. కానీ బండి రాయి మీద కూర్చున్నప్పుడు బరువు మోసేవి ఛాసీ (బండి కింది ఇనుప చట్రం) నుంచి ఆ పైపు దాకా వచ్చే కాళ్ళే. ఈ భాగం మీద మాత్రం దయచేసి తొందరపడకండి.

మన నమూనా బండి శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ పికప్. బరువు సుమారు 2 టన్నులు, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 3095 మి.మీ. ఇంత పొడుగు బండిని హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైట్ గుండ్ల మీదికి తీసుకెళ్తే, ముందు చక్రం దిగిన రాయికి తలుపుల కింది రేకు ఆనుతుంది. ఆ రేకు బాడీలో భాగం. బాడీ రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఛాసీతో సంబంధం లేకుండా కాస్త కదులుతూ ఉంటుంది. అందుకే స్లైడర్‌ను ఛాసీకే బిగించాలి. బాడీకి ఎక్కడా తగలకూడదు, మధ్యలో కనీసం 20 మి.మీ. సందు ఉండాలి.

ఇప్పుడు లెక్క. రాయి పైపును పైకి నెడుతుంది, కాలు ఛాసీ దగ్గరి మొదలులో వంగాలని చూస్తుంది. గడ్డపార ఎంత పొడుగుంటే బండరాయి అంత తేలిగ్గా లేస్తుంది కదా, ఇక్కడ ఆ గడ్డపార మీ ఛాసీకి ఎదురు పనిచేస్తుంది. కాలు పొడుగు 250 మి.మీ. అనుకుందాం. 48.3 మి.మీ. గుండ్రటి పైపు, 4 మి.మీ. మందం, 240 మెగాపాస్కల్ యీల్డ్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) ఉన్న ఉక్కు అయితే ఒక్కో కాలు సుమారు 550 కిలోల దగ్గర వంగడం మొదలవుతుంది. అదే మందంలో 50×50 స్క్వేర్ ట్యూబ్ వాడితే ఆ హద్దు 1000 కిలోలు దాటుతుంది. మీటరుకు పెరిగే బరువు కిలోన్నర కూడా ఉండదు. కాలును 200 మి.మీ.కి కుదిస్తే ఆ హద్దు 1280 కిలోల దాకా వెళ్తుంది.

వైపుకు మూడు కాళ్ళు పెడతాం. కానీ రాయి మూడింటి మధ్యా బరువును సమానంగా పంచదు. రెండు కాళ్ళే మోస్తాయనుకుని లెక్క వేయండి. బండి ఒక పక్క బరువు ఒక టన్ను, దాని మీద పడేటప్పటి కుదుపు వేరు. గుండ్రటి కాళ్ళు రెండూ కలిసి 1100 కిలోలకే వంగుతాయి, కుదుపుకు ఏమీ మిగలదు. అందుకే బయటి పట్టీకి గుండ్రటి పైపు, కాళ్ళకు స్క్వేర్ ట్యూబ్ అంటాను. దుకాణంలో నీళ్ళ పైపు చేతిలో పెడితే వద్దనండి. భారతీయ ప్రమాణాల (ఐఎస్) ప్రకారం ఐఎస్ 1161 పైపు, ఐఎస్ 4923 ట్యూబ్, రెండూ 240 గ్రేడులో అడగండి. జీఐ (జింకు పూత పూసిన ఇనుము) అసలే వద్దు. వెల్డింగ్ వేడికి జింకు పొగై, పీల్చినవాళ్ళకు చలిజ్వరం తెప్పిస్తుంది.

ట్యూబ్ చివర పైపు కూర్చోవడానికి అర్ధచంద్రాకారంలో కోయాలి. పైపు ముక్కనే ట్యూబ్ పక్క గోడ మీద అచ్చుగా నిలబెట్టి చాక్‌పీసుతో గీయండి. గీతకు కాస్త లోపలే కోసి, మిగిలింది గ్రైండర్‌తో అరగదీయండి. రెండో చివరను 10 డిగ్రీల వాలుగా కోస్తే పట్టీ ఛాసీ కంటే కొంచెం ఎత్తులో ఉంటుంది.

ఆ చివరకు 8 మి.మీ. ప్లేటు వస్తుంది. ఛాసీ లోపలి వైపు అలాంటిదే ఇంకొకటి పెట్టి, ఛాసీకి పైన రెండు, కింద రెండు 12 మి.మీ. బోల్టులతో (8.8 గ్రేడు) బిగిస్తాం. ఛాసీకి చిల్లు పెట్టం, వెల్డింగూ చేయం. 6 మి.మీ. ప్లేటు చాలదు, బోల్టుల దగ్గర వంగిపోతుంది. బిగించే ముందు బ్రేకు పైపులు, డీజిల్ పైపులు, వైర్లు ప్లేట్ల మధ్య నలగకుండా చేత్తో తడిమి చూసుకోండి.

వెల్డింగ్‌లో ఒక్క విషయం బాగా గుర్తుంచుకోండి. రాయి పైకి నెట్టినప్పుడు కాలు కింది ముఖం సాగుతుంది, పగులు మొదలయ్యేది అక్కడే. బండి కింద పడుకుని వేస్తే ఆ అతుకును తలపైకి చూస్తూ వేయాల్సి వస్తుంది, సరిగ్గా రాదు. అందుకే బండి దగ్గర టాక్‌లు (కదలకుండా పట్టే చిన్న వెల్డింగ్ చుక్కలు) మాత్రమే వేసి (ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పేయండి), ఊడదీసి, బల్ల మీద తిరగేసి పూర్తిచేయండి. మూలమట్టంతో చూస్తూ వేడికి లాగుతోందేమో గమనించండి. 3.15 మి.మీ. వెల్డింగ్ రాడ్డు, 100 నుంచి 120 ఆంపియర్లు. 7018 రకం రాడ్లు మంచివే గానీ వానాకాలంలో తేమ పట్టిన పెట్టె అయితే పొడిగా ఉన్న 6013 రకం మేలు. మూల దగ్గర మొదలుపెట్టొద్దు, అక్కడ ఆపొద్దు. ముఖం మధ్యలో అంటించి, మూల తిప్పుకుని, పక్క ముఖం మధ్యలో ఆపండి.

వచ్చే భాగంలో పట్టీ వంచడం. ఆలోపు ఆరు కాళ్ళూ పూర్తిచేసి, స్లాగ్ (అతుకు మీద గట్టిపడే పెంకు) కొట్టి, వైరు బ్రష్‌తో రుద్ది, కింది ముఖం అతుకు వెంట సన్నటి గీత ఏమైనా ఉందేమో వెలుతుర్లో చూడండి. ఉంటే దాని మీదే ఇంకో పూత వేయకండి. గ్రైండర్‌తో పూర్తిగా తీసేసి మళ్ళీ వేయండి.